అంట్ల మిషనూ, గోడలోని మూడో తీగా

కిందటి సంచికలో వంటింటి గట్టు ఎంత ఎత్తుండాలో రాశాక సభ్యుల దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరాల్లోనూ ఫోన్లలోనూ ఒకే ప్రశ్న నాలుగైదు రకాలుగా వచ్చింది. "అమ్మా, అబ్బాయి డిష్‌వాషర్ కొనిపెడతానంటున్నాడు. మన వంటింట్లో పెట్టుకోవచ్చా?" అని. అడిగినవాళ్ళంతా నీళ్ళ గురించి అడిగారు. ఇడ్లీ రేకులు పడతాయా, కుక్కరు పడుతుందా, మాడిన పాలగిన్నె తెల్లబడుతుందా అని అడిగారు. కరెంటు గురించి అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకని ఈసారి కరెంటు గురించే రాస్తాను. మిగతా సంగతులు కొట్టువాడు అడక్కుండానే చెబుతాడు. ఇది మాత్రం అడిగినా సరిగ్గా చెప్పడు.

ఈ మిషనుకి పేటెంటు తీసుకుని నడిపించి చూపింది ఒక గృహిణి. జోసెఫీన్ కోక్రేన్ అనే అమెరికా ఆవిడ. 1886లో, అంటే మన తిరుత్తణిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టడానికి రెండేళ్ళ ముందు. పనివాళ్ళు తన పింగాణీ పళ్ళేల అంచులు విరగ్గొడుతున్నారని విసుగెత్తి ఈ పనికి పూనుకుందని చెబుతారు. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆవిడ మిషను పెట్టింది. మొదట్లో అది చేత్తో తిప్పేది. దానికి కరెంటుతో పని లేదు, కనక కరెంటు భయమూ లేదు. ఇప్పటి మిషనులో నీళ్ళూ, కరెంటూ, చుట్టూ రేకు డబ్బా, మూడూ ఒక్కచోట చేరాయి. ఎదురుగా తడి నేలమీద వట్టికాళ్ళతో మనం నిలబడతాం.

చాలామంది ఇందులో మోటారే పెద్దదనుకుంటారు. కాదు. నీళ్ళు చిమ్మే మోటారు తినేది కాస్తే. అసలు తిండి హీటరుది. నీళ్ళు కాచే ఆ హీటరు 2,000 వాట్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే గోడకి వేలాడే గీజరు లాంటిదాన్ని తెచ్చి సింకు పక్కన కూర్చోబెట్టుకున్నట్టే. 2,000ని మన 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 9 ఆంపియర్లు. మిక్సీ పెట్టుకునే చిన్న ప్లగ్గు పాయింటు 6 ఆంపియర్లది. కాబట్టి లావు పిన్నులు పట్టే 16 ఆంపియర్ల పాయింటు కావాలి. లావు పిన్నుని సన్న కన్నంలోకి మార్చే కన్వర్టర్లు బజార్లో దొరుకుతాయి. దొరికినంత మాత్రాన కొనక్కర్లేదు.

లెక్క ఇంతవరకూ సులువే. అసలు సంగతి చెప్పడానికి రెండిళ్ళ ముచ్చట చెప్పాలి.

మొదటిది తిరుత్తణి కొండ కింద మా పెద్దమ్మ వాళ్ళ ఇల్లు. ఊరు చిత్తూరు జిల్లాలో ఉండగా కట్టిన ఇల్లు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది కానీ ఇల్లు కదల్లేదు, దాని వయరింగూ కదల్లేదు. గోడమీద టేకు బద్దలు, బద్దలమీద తీగలు, పింగాణీ ఫ్యూజులు, నల్లటి గుండ్రటి స్విచ్చులు. ప్లగ్గులకి రెండే కన్నాలు. ఆడికృత్తికకి కావళ్ళెత్తుకుని వచ్చే చుట్టపక్కాలతో ఆ ఇంట్లో ముప్ఫై విస్తళ్ళు లేస్తాయి. అన్నానికి అరిటాకులు సరే, వండిన గిన్నెల మాటేమిటి? సామాన్లు తోమే ఆవిడ మోకాళ్ళనొప్పులని మానేసింది. హ్యూస్టన్‌లో ఉన్న మా అన్నయ్య అక్కణ్ణించే డబ్బు కట్టేసి మిషను ఇంటికి దింపించాడు. "నాకెందుకే ఈ పెట్టె? నా పళ్ళెం నేను కడుక్కోలేనా?" అని ఎనభై రెండేళ్ళ పెద్దమ్మ దానిమీద తువ్వాలు కప్పి, తువ్వాలు మీద పూలసజ్జ పెట్టింది. బిగించడానికొచ్చిన కుర్రాడు గోడ చూశాడు. "మూడు పిన్నుల పాయింటు లేదమ్మా, చేయించాక పిలవండి" అని సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

రెండోది తిరువళ్ళూరులో మా తమ్ముడి ఫ్లాటు, వీరరాఘవస్వామి కోనేటికి నాలుగు వీధుల అవతల. కొత్త కట్టడం. ప్రతి గదిలో మూడు పిన్నుల పాయింట్లు, వంటింట్లో మూడు పెద్దవి, తలుపు పక్కన తెల్లటి పెట్టెలో వరసగా ఎంసీబీలు. మిషను అరగంటలో బిగించేశారు. గిన్నెలు తళతళలాడాయి. నెల్లాళ్ళకి మా మరదలు ఫోను చేసింది.

"వదినా, మిషను తలుపు తీసేటప్పుడు చెయ్యి జివ్వుమంటోంది. చీమ కుట్టినట్టు. మీ తమ్ముడు చెప్పులేసుకోమంటున్నారు."

రబ్బరు చెప్పులు! మన దేశంలో ఎన్ని లక్షల ఇళ్ళల్లో ఈ వైద్యం నడుస్తోందో. ఫ్రిజ్ జివ్వుమంటే చెప్పులు, గ్రైండరు జివ్వుమంటే గోనెపట్టా. రిపేరుకొచ్చినతను వర్షాకాలం తేమ అన్నాడట. పై అంతస్తావిడ "మాకూ అంతే, అలవాటైపోయింది" అందట. నలభై ఏళ్ళు భౌతికశాస్త్రం పాఠాలు చెప్పిన దాన్ని. ఆ అలవాటన్న మాట దగ్గర నాకు కాళ్ళు నిలవలేదు. ఆ సాయంత్రమే వెళ్ళాను.

ఆ చీమ ఎక్కణ్ణించి వచ్చిందో చెబుతాను. ఇప్పటి మిషన్లలో ఎలక్ట్రానిక్ బోర్డులుంటాయి. కరెంటులో వచ్చే చిన్న చిన్న అలజడులు వడపోయడానికి లోపల ఒక ఫిల్టరు పెడతారు. అందులోని కెపాసిటర్లు ఒకవైపు కరెంటు తీగలకీ, ఇంకోవైపు మిషను రేకుకీ కలిపి ఉంటాయి. వాటిగుండా చాలా కొద్ది కరెంటు రేకుమీదికి వస్తూనే ఉంటుంది. అది తప్పు కాదు, తయారుచేసిందే అలా. ఆ కొద్దిదీ ప్లగ్గులోని మూడో పిన్ను పట్టుకుని, గోడలోని పచ్చ తీగవెంట నేలలోకి పోతుంది. పచ్చ తీగ నేలదాకా లేకపోతే పోయే దారి లేక రేకుమీదే ఉంటుంది. అప్పుడు రేకుమీద ఇంటి వోల్టేజిలో సగం దాకా కనిపిస్తుంది. కరెంటు ఒక మిల్లీ ఆంపియరు లోపే కాబట్టి ప్రాణానికి ముప్పు లేదు, జివ్వుమంటుంది అంతే. కానీ ఆ జివ్వుమనడం ఒక కబురు. ఈ ఇంట్లో మూడో తీగ లేదు అని. మనం ఆ కబురు విప్పి చదవకుండా చెప్పులేసుకుంటున్నాం.

రేపు హీటరులో పగులొచ్చి అసలు ఫేజే రేకుకి తగిలిందనుకోండి. అప్పుడు వచ్చేది చీమ కాదు.

ఇందులో పెద్ద చిక్కేమిటంటే, ఎర్త్ లేకపోయినా మిషను కడుగుతుంది. దీపం వెలుగుతుంది, నీళ్ళు కాగుతాయి, గంట మోగుతుంది. ఫేజు లేకపోతే మిషను కదలదు, న్యూట్రల్ లేకపోతే కదలదు, కాబట్టి ఆ రెండూ ఎవరూ మరిచిపోరు. మూడోది లేకపోయినా ఏ పనీ ఆగదు గనక మేస్త్రీ మరుస్తాడు, బిల్డరు మిగుల్చుకుంటాడు, మనం అడగం.

తమ్ముడి ఇంట్లో మెయిన్ ఆపించి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ చేత పాయింటు విప్పించాను. పచ్చ తీగ ఉంది. చూడముచ్చటగా ఉంది. దాని వెంట పడి తెల్ల పెట్టె విప్పిస్తే, ఇంట్లోని పచ్చ తీగలన్నీ అక్కడ ఒక కట్టగా చేరి, కట్టమీద నల్ల టేపు చుట్టి ఉంది. అంతే. అక్కణ్ణించి కిందికి తీగ లేదు. అంటే మూడో కన్నం ఉంది, మూడో తీగ ఉంది, నేల లేదు. ఇది అసలు తీగే లేకపోవడం కంటే చెడ్డది. ఎందుకంటే ఇంట్లోని సామాన్ల రేకులన్నీ ఆ కట్టద్వారా ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. స్నానాలగదిలో గీజరు చెడితే ఆ కరెంటు వంటింట్లో మిషను తలుపుమీద తేలుతుంది. తలుపుని ఎన్నిసార్లు రిపేరు చేయించినా ఏం ప్రయోజనం?

పెద్దమ్మ ఇల్లు రెండే కన్నాలు చూపించి "నా దగ్గర లేదు" అని చెప్పేసింది. కొత్త ఫ్లాటు మూడు చూపించి అబద్ధమాడింది. నేనైతే పాత ఇంటికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఆ ఎలక్ట్రీషియన్ మంచివాడే. కానీ అతని నోట వచ్చిన మొదటి మాట వినండి. "దీనికింత హైరానా ఎందుకమ్మా, పాయింటులో ఎర్త్ పిన్నుకీ న్యూట్రల్‌కీ చిన్న ముక్క కలిపేస్తే చాలు, షాకు పోతుంది." నిజమే, పోతుంది. రేకు న్యూట్రల్‌తో కలిసిపోతుంది కాబట్టి చీమ కుట్టడం ఆ నిమిషంలోనే ఆగిపోతుంది. ఇల్లాలు సంతోషిస్తుంది, డబ్బులిచ్చి పంపిస్తుంది. కానీ గాలివానకి స్తంభం దగ్గరో, బోర్డులో మర వదులైయో ఆ న్యూట్రల్ ఊడిందనుకోండి. ఫేజు మిషను లోపలికి వచ్చి, తిరిగి వెళ్ళే దారి లేక, అతను కలిపిన ముక్కమీదుగా రేకుమీదికి వచ్చి కూర్చుంటుంది. మిషనులో ఏ తప్పూ ఉండదు. అయినా తలుపుమీద 230 వోల్టులుంటాయి. 2016 డిసెంబరులో వర్ధా తుపానుకీ, 2023 డిసెంబరులో మిచాంగ్‌కీ మన వైపు తీగలు, స్తంభాలు ఏమయ్యాయో చూసినవాళ్ళకి న్యూట్రల్ ఊడటమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఆ ముక్క మాత్రం ఎవరినీ కలపనివ్వకండి. ఇదివరకే కలిపి ఉంటే తీయించండి.

సరే, నేలలోకి తీగ వేయించాం, అయిపోయిందా? అవలేదు. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది, తరగతిలో పిల్లలకి ఇష్టమైన లెక్క. ఎర్త్ గుంట నిరోధం 20 ఓములు అనుకుందాం. ఫేజు రేకుకి తగిలితే నేలలోకి పోయే కరెంటు 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. పెట్టెలో ఉన్నది 16 ఆంపియర్ల ఎంసీబీ. పదకొండున్నరకి అది కదలదు! రేకుమీద కరెంటు అలాగే ఉంటుంది, ఎర్త్ ఉందన్న ధైర్యంతో మనం ముట్టుకుంటాం. తిరుత్తణి లాంటి రాతినేలలో గుంట నిరోధం అంతుండటం వింత కాదు, ఎండాకాలం మట్టి ఎండితే ఇంకా పెరుగుతుంది.

ఎంసీబీ ఉన్నది తీగలు కాలకుండా కాపాడటానికి. మనిషిని కాపాడటం దాని పని కాదు. ఒక మిల్లీ ఆంపియరు మనకి తెలుస్తుంది. పది దాటితే పట్టుకున్న చెయ్యి వదల్లేకపోవచ్చు. ముప్ఫై దాటి కాసేపు ఒంట్లోంచి పోతే గుండె లయ తప్పే ప్రమాదం. 16 ఆంపియర్లంటే పదహారువేల మిల్లీ ఆంపియర్లు. మన ప్రాణం ముప్ఫై దగ్గర ఊగుతుంటే, ఎంసీబీ పదహారువేల దాకా నిద్ర లేవదు.

మనిషి కోసం ఉన్నది ఆర్‌సీసీబీ. మన వైపు దీన్ని ఈఎల్‌సీబీ అనీ, ట్రిప్పరనీ కూడా అంటారు. ఇది చేసేది గుమాస్తా పని. ఫేజులో లోపలికి ఎంత వెళ్ళిందో, న్యూట్రల్‌లో అంత తిరిగి వచ్చిందా అని చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే, అది మనిషి ఒంట్లోంచి పోయినా సరే గోడ చెమ్మలోంచి పోయినా సరే, కన్ను మూసి తెరిచేలోగా ఇంటి కరెంటు ఆపేస్తుంది. ఇలాంటి పరికరాన్ని 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ప్రొఫెసర్ చార్లెస్ డాల్జీల్ రూపొందించారు. మనిషి ఒంటికి ఎంత కరెంటు ఎంత చేటో ఏళ్ళ తరబడి కొలిచిన మనిషి ఆయన. ఆర్‌సీసీబీ కొనేటప్పుడు మీద 30 మిల్లీ ఆంపియర్లని రాసి ఉందో లేదో చూడండి. 100, 300వి కూడా దొరుకుతాయి. అవి మనిషికి కాదు. మన ప్రమాణం ఐఎస్ 12640, దాని గుర్తు ఉండాలి.

తమ్ముడింట్లో ఆర్‌సీసీబీ బిగించిన మర్నాడే ఇంకో కథ. ఫ్యాను వేస్తే చాలు, కరెంటు పోతోంది. "ఈ దరిద్రం తీసేయించండి వదినా" అని మరదలు. చాలా ఇళ్ళల్లో ఆర్‌సీసీబీ సరిగ్గా ఇక్కడే ఊడిపోతుంది. కారణం ఇన్వర్టరు. ఇన్వర్టరు వేసినవాళ్ళు దాని న్యూట్రల్‌నీ మెయిన్ న్యూట్రల్‌నీ ఎక్కడో కలిపేసి ఉంటారు. ఒక దారిన వెళ్ళింది ఇంకో దారిన తిరిగొస్తే గుమాస్తాకి లెక్క కుదరదు, పుస్తకం మూసేస్తాడు. అది అతని తప్పు కాదు. న్యూట్రల్స్ విడదీస్తే సరిపోయింది, ఒక పూట పని. ఇక నెలకోసారి దానిమీద టెస్టు అని రాసి ఉన్న మీట నొక్కి చూడాలి. నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే అది గోడకి అలంకారం.

ఫ్లాటుకి ఎర్త్ ఎలా వచ్చిందంటే, కింద మీటర్ల గది పక్కన గుంట నిజంగానే ఉంది, మూత కింద గొట్టమూ ఉంది. అక్కణ్ణించి పైకి తీగ వేయడమే మానేశారు. మెట్లపక్క సందులోంచి రెండో అంతస్తుదాకా పచ్చ తీగ లాగించాం. అపార్టుమెంటు సంఘం వాళ్ళు ముందు గోడలు పాడవుతాయన్నారు. పై అంతస్తావిడ చెయ్యి కూడా జివ్వుమంటోందని గుర్తుచేశాక పన్నెండు ఇళ్ళకీ లాగించుకున్నారు. ఆ ఇళ్ళల్లో గిన్నెలు తోమి నేల తుడిచే అమ్మాయిలు తడికాళ్ళతో పనిచేస్తారు, వాళ్ళకి రబ్బరు చెప్పులు కూడా ఉండవు, విడిచి లోపలికి రమ్మంటాం కదా. సంఘం మీటింగులో నేను ఎక్కువసేపు మాట్లాడింది ఆ పిల్లల గురించే.

తిరుత్తణిలో పని పెద్దదే. ఆ టేకు బద్దల తీగల జోలికి వెళ్ళవద్దని ముందే అనుకున్నాం. మీటరు దగ్గర్నుంచి వంటింటికి వేరే లైను, గొట్టంలో రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు మూడు. ఆ లైనుకి విడిగా ఒక ఎంసీబీ, దానికి ముందు ఆర్‌సీసీబీ. పెరట్లో బావిగట్టు పక్కన గుంట. అక్కడెందుకంటే స్నానాల నీళ్ళు అటే పోతాయి, ఎప్పుడూ చెమ్మ ఉంటుంది. గడ్డపారకి రాళ్ళు తగిలి ఇద్దరు మనుషులకి రెండు రోజులు పట్టింది. గొట్టం నిలబెట్టి చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేయించాం. ఆ బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు గనక మిషనులో కూడా ఉప్పు పోయాలి. అయొడిన్ కలపని ముతక ఉప్పు, కొట్లో దానికని విడిగా అమ్ముతారు. పెద్దమ్మ ఇదంతా అరుగుమీంచి చూసి, "గుంటకీ ఉప్పే, పెట్టెకీ ఉప్పే. నాకు మాత్రం బీపీ అని ఉప్పు మాన్పించారు" అంది. ఎండాకాలంలో వారానికోసారి ఆ గుంటలో రెండు బిందెల నీళ్ళు పోయడం ఆవిడ తనమీద వేసుకుంది. తులసికోటకి పోసిన చేత్తోనే గుంటకీ పోస్తుంది.

ఇంతకీ మీ ఇంట్లో మూడో తీగ నిజమో అబద్ధమో తెలిసేదెలా? జేబులో టెస్టరు వెలిగిందంటే ఫేజుందని మాత్రమే అర్థం, ఎర్త్ గురించి అది ఏమీ చెప్పదు. ఎలక్ట్రీషియన్‌ని బల్బు హోల్డరు తెమ్మని, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య పెట్టి చూడమనండి. వెలగకపోతే ఎర్త్ లేదు. వెలిగితే ఉండవచ్చు, లేదా ఇందాక చెప్పిన ముక్క కలిపి ఉండవచ్చు. అందుకని మెయిన్ ఆపి పాయింటు విప్పి కళ్ళతో చూడాల్సిందే. ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లోనైతే బల్బు పెట్టగానే కరెంటు పోవాలి, అది శుభశకునం. గుంట నిరోధం కొలిచే మీటరున్న మనిషి దొరికితే ఇంకా మంచిది. ఇవన్నీ లైసెన్సున్నవాళ్ళు చేయాల్సిన పనులు. మీరు పక్కన నిలబడి అడిగితే చాలు. ఎర్తింగుకి ఐఎస్ 3043, ఇంటి వయరింగుకి ఐఎస్ 732 అని ప్రమాణాలున్నాయి. ఆ రెండు నంబర్లు పలికితే చాలు, వచ్చినతను కాస్త సర్దుకుని నిలబడతాడు. ఇది నా అనుభవం.

పాయింటు ఎక్కడ ఉండాలన్నది చిన్న విషయమే కానీ అందరూ తప్పుచేసేది అక్కడే. మిషను వెనక పెట్టకూడదు. నీళ్ళు కారినప్పుడు ప్లగ్గు తీయాలంటే ముందు మిషను లాగాలి, లాగాలంటే నీళ్ళలో నిలబడాలి. పక్క అరలో, చెయ్యి అందే చోట, నేలకి ఎత్తుగా ఉండాలి. మనం వంటిల్లు కడిగేది బకెట్ల నీళ్ళతో. సింకు గొట్టం కింద సూటిగా కూడా వద్దు. తీగ చాలలేదని ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దే వద్దు, రెండు మూడు గంటలు నడిచే మిషను దాన్ని మెల్లగా కాలుస్తుంది. ఎలుకలున్న ఇళ్ళవాళ్ళు మిషను వెనక కన్నాలకి జాలీ కొట్టించండి. కొన్ని మిషన్ల నీళ్ళ గొట్టం కొసన డబ్బాలాంటిది ఉంటుంది. లీకైతే నీళ్ళు ఆపే కవాటం అందులో ఉంటుంది, అది కరెంటుతో పనిచేసే రకమైతే గొట్టంలోపల తీగలుంటాయి. పొడుగైందని ప్లంబరు ఆ గొట్టం కోయబోతే చెయ్యి పట్టుకోండి.

ఒకే లైనుమీద ఇండక్షన్ పొయ్యి, గీజరు, ఈ మిషను కలిపి వేస్తే మూడు రెండువేలు ఆరువేలు, 26 ఆంపియర్లు. ఎంసీబీ పడిపోతుంది. పడిపోవడం మంచిదే. అప్పుడు "32ది వేస్తే పడదు" అనే సలహా వస్తుంది. పడదు, దానికి బదులు గోడలో తీగ ఉడుకుతుంది. వేరే లైను వేయించండి, లేదా గీజరు ఆపాక మిషను వేయండి. కరెంటు ఖర్చుకి భయపడనక్కర్లేదు. ఒక కడుగుడికి ఒక యూనిటు చుట్టుపక్కల, రోజూ వేస్తే రెండు నెలలకి అరవై, డెబ్భై యూనిట్లు. మన తమిళనాట 2016 నుంచి రెండు నెలలకి మొదటి 100 యూనిట్లు ఉచితం కదా అని మురిసేలోగా స్లాబు మారకుండా చూసుకోండి. బోర్డు పేరు ఎన్నిసార్లు మార్చినా మనకి ఈబీయే, ఈబీ కార్డుమీద లెక్క తప్పదు. సాయంత్రం వోల్టేజి 180కి పడిపోయే వీధుల్లో హీటరు బలం 2,000 నుంచి పన్నెండువందలకి దిగిపోతుంది. మిషను చెడిందని కంగారు పడకండి, నీళ్ళు కాగడానికి ఎక్కువసేపు పడుతుంది అంతే. పొద్దున వేసుకోండి.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకి రెండు మాటలు. అక్కడి సంసారం సర్దుకుని తిరిగి వచ్చేటప్పుడు అమెరికా మిషను ఓడలో వేసుకు రావద్దు. అది 120 వోల్టులది, సెకనుకి 60 ఆవృత్తులది. ట్రాన్స్‌ఫార్మరు పెడితే వోల్టేజి దిగుతుంది కానీ మన 50 ఆవృత్తులు 60 కావు. అక్కడ ఉండేవాళ్ళు ఇల్లు పాతదైతే మిషను లైనుకి జీఎఫ్‌సీఐ ఉందో లేదో చూసుకోండి. మన ఆర్‌సీసీబీకి అది చెల్లెలు, ఇంకా సున్నితం, అయిదారు మిల్లీ ఆంపియర్లకే ఆపేస్తుంది. ఇళ్ళల్లో డిష్‌వాషరుకి అది ఉండాలని అక్కడి ఎలక్ట్రికల్ కోడులో 2014లో చేర్చారు. అంతకుముందు కట్టిన ఇళ్ళల్లో ఉండకపోవచ్చు.

ఇక అమ్మానాన్నలు మనవల దగ్గరికి ఆరునెలలు వెళ్ళే ఇళ్ళ సంగతి. వెళ్ళేముందు మిషను ప్లగ్గు తీసి, కుళాయి కట్టి, తలుపు కాస్త తెరిచి పెట్టండి. తిరిగొచ్చి వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతే వెంటనే దాన్ని తిట్టకండి, తీయించకండి. వాడకుండా పెట్టిన హీటరు గాలిలో చెమ్మ పీల్చుకుని కొంచెం కరెంటు లీకు చేయడం మామూలే. మెకానిక్‌ని పిలిచి హీటరు ఇన్సులేషన్ కొలిపించండి. బాగుందని అతను చెప్పేదాకా గిన్నెలు సింకులో వేసి చేత్తోనే తోముకోండి.